నూట ముప్పై మూడు నుంచి నూట యాభై దాకా

ఆ కంప్యూటర్‌ను నేను కాల్చలేదు. కాల్చింది నేనేనని పావగడ బజారంతా అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ పెట్టె మూత విప్పి చూడలేదు. విప్పి చూసిన బెంగళూరు షాపువాడేమో లోపల నేను అతికించిన కాగితం చదివి, ఇంకేమీ చూడకుండా, “స్పీడు పెంచినారు, అందుకే పోయింది” అని తేల్చేశాడు. ఆ మాట బస్సెక్కి పావగడకు వచ్చి ఏళ్లపాటు నా షాపు ముందు కూర్చుంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కోపం వయసుతో పాటు తగ్గుతుందంటారు గానీ నాకు తగ్గలేదు. అయితే కోపం ఒక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. ఎట్లా కాలిందని అందరూ అడిగారు. అంతకు ముందు ఆర్నెల్లు ఎట్లా నడిచిందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన సంగతి అదే.

తొంభైల్లో బస్టాండు వెనక వీధిలో నాకు మోటారు వైండింగు షాపు ఉండేది. బోర్లలో కాలిపోయిన మోటార్లను పైకి లాగి, ట్రాక్టర్ల మీద వేసుకొని రైతులు తెచ్చేవారు. కాలిన తీగ కోసి తీసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా పని. బడిలో చదివింది అయిదో తరగతి. తక్కినదంతా బెంగళూరులో పాత పుస్తకాలు కాటా మీద తూచి అమ్మేచోట కొన్న ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన ఒక డిక్షనరీ. ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టిన రోజులున్నాయి. అలా చదివిన పేజీ మళ్లీ మరిచిపోలేదు.

కర్ణాటకలో, ఆంధ్ర అంచున ఉండే మా తాలూకాలో కరెంటు ఎప్పుడూ సన్నగానే వచ్చేది. వానలు తప్పేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి, మోటార్లు పెరిగాయి, లైను మాత్రం అదే లైను. నాలుగు వందల వోల్టులు రావాల్సిన చోట మూడు వందలు వస్తే మంచి రోజు. కంపెనీ చెప్పినన్ని చుట్లతో చుడితే మోటారు మూలిగి నిలబడిపోయేది. అందుకని మేము కొన్ని చుట్లు తగ్గించి, తీగ ఒక గేజు లావు చేసి చుట్టేవాళ్లం. అట్లా చేస్తే సన్న కరెంటులో కూడా తిరుగుతుంది. రైతులు దాన్నే అడిగి చేయించుకునేవారు.

“కంపెనీ లెక్క మాకొద్దప్పా. మన లైను లెక్క పెట్టు,” అనేవారు.

అందులో ఒక చిక్కుంది. పొలాల మోటార్లన్నీ ఒక్కసారి ఆగిపోయి లైను బాగుపడిన గడియలో, సన్న కరెంటుకు చుట్టిన మోటారు ఏదైనా తిరుగుతూ ఉంటే అది కాలిపోతుంది. ఆ సంగతి మాకూ తెలుసు, రైతులకూ తెలుసు. అయినా అదే చుట్టేవాళ్లం, అదే అడిగేవారు. కరెంటు లావుగా వచ్చే రోజు గురించి భయపడటం మా వాళ్లకు అలవాటు కాలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే తక్కిన కథంతా సులభంగా తెలుస్తుంది.

రిటైరైన హైస్కూలు పంతులుగారొకరు మండీ వీధిలో, మేడ మీద, టైపింగు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మా వైపు పంతులును కన్నడంలో లాగే మేష్ట్రు అంటాము. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని, తప్పు చెప్పినవాణ్ణి వయసు చూడకుండా నిలబెట్టి సరిదిద్దే మనిషి. పది టైపు మిషన్ల మధ్యకు ఆయన ఒక వాడిన కంప్యూటర్ తెప్పించారు. ఊళ్లో అట్లాంటివి అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాని మీద పూలగుడ్డ కప్పి ఉండేది, చెప్పులు వాకిట్లోనే విడవాలి.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. వేరుశనగకు ఊడలు దిగే సమయానికి నేల గట్టిపడిపోయింది, ఊడలు పైనే ఎండిపోయాయి. పంట నష్టానికి తాలూకాఫీసులో అర్జీలు పెట్టుకోవాలి, కన్నడంలో, సర్వే నంబర్లతో సహా. చేతిరాత అర్జీల కంటే కంప్యూటర్‌లో అచ్చైన అర్జీ ముందు చదువుతారని ఎవరో పుట్టించారు. దాంతో మేడ మెట్ల మీద తువ్వాళ్లు భుజాన వేసుకున్న మనుషుల వరుస.

అర్జీలు కొట్టేది మంగళవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకామె. అందరూ టైపింగక్క అనేవారు. టైపు మిషను మీద ఆమె వేళ్లు కనిపించేవి కావు. కంప్యూటర్ ముందు మాత్రం ఆమె ఒక పేరా కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే, ఒత్తులు కట్టుకుంటూ, వెనకాల వచ్చేవి.

నేను అక్కడికి పోయింది కంప్యూటర్ కోసం కాదు, బూస్టర్ కోసం. బూస్టరంటే కరెంటును పెంచే ఇనుప పెట్టె. ముందు ఒక నాబు, దాని చుట్టూ సున్నా నుంచి ఏడు దాకా నంబర్లు, పైన వోల్టులు చూపే ముల్లు. కరెంటు సన్నబడితే నాబును ఒక్కో నంబరు పైకి తిప్పాలి. లావయితే ఆ క్షణమే కిందికి తిప్పాలి. మనిషి పక్కనే ఉండాల్సిన సామాను. నాబు వదులైందని పిలిచారు, బిగించాను. గోడ మీద మేష్ట్రు గుండ్రటి చేతిరాతతో ఒక కాగితం: “బూస్టర్ నాబును మేష్ట్రు తప్ప ఎవరూ తిప్పరాదు.”

“చూడన్నా దీని యవ్వారం,” అంది టైపింగక్క, తెర వైపు చూపించి. “నేను ముగించి అప్పుడే కూచున్యా. అది ఇంకా పేరు, ఊరు రాస్తా ఉండాది. నా వేళ్లు తిరుమణికి పోయి తిరిగొచ్చినా ఇది వల్లూరు దాటేలేదు.”

“బెంగుళూరు వాళ్లు కొత్తది తీసుకోమంటారు,” అన్నారు మేష్ట్రు. “కొత్తది యాడ తెచ్చేదప్పా? ఉండేదే బాగా నడిస్తే సాలు.”

“దీంతో పాటు పుస్తకమేమన్నా ఇచ్చినారా మేష్ట్రూ?”

ఇచ్చారు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా సరస్వతి పటం వెనక పెట్టారు. మేష్ట్రు దాన్ని కళ్లకద్దుకొని తీసిచ్చారు. నేను షాపుకు తీసుకుపోయి డిక్షనరీ పక్కన పెట్టుకున్నాను.

అందులో ఒక పేజీ నన్ను పట్టుకుంది. ఈ పెట్టె ఇంత స్పీడుగా నడుస్తుందనే సంగతి లోపలి చిప్పులో ముద్రించి వస్తుందనుకున్నాను. కాదు. లోపల మదర్‌బోర్డనే పెద్ద పలక మీద చిన్న చిన్న ముళ్లుంటాయి. రెండు ముళ్లను కలుపుతూ టోపీలాంటి నల్ల ముక్క తొడుగుతారు, దాన్ని జంపర్ అంటారు. ఏ ముళ్ల మీద జంపర్ ఉందో చూసి పలక తన స్పీడు తెలుసుకుంటుంది. పలక కొట్టే తాళం ఒకటి. ఆ తాళం ఒక్కసారి పడితే ప్రాసెసర్ ఎన్ని అడుగులు వెయ్యాలనేది రెండోది. మేష్ట్రు మిషనులో తాళం అరవయ్యారు, అడుగులు రెండు. భిన్నాలు కలుపుకుంటే నూట ముప్పై మూడు. పెట్టె మీద రాసిన నంబరు అదే. కానీ పుస్తకంలోని పట్టికలో తాళానికి డెబ్బై అయిదు కూడా ఉంది, అడుగులకు రెండున్నర కూడా ఉంది. ప్రాసెసర్‌కు పోయే వోల్టును ఒక పిసరు పెంచే జంపరూ ఉంది.

అంటే ఎవరో బెంగళూరులో కూర్చొని ఈ మిషనుకు కంపెనీ లెక్క పెట్టి పంపారు. దీన్ని మన లైను లెక్కకు మార్చుకోవచ్చు. ఆ పొద్దు నాకు అన్నం రుచించలేదు.

పట్టికను మోటార్ల చుట్లు రాసుకునే నోట్‌బుక్కులోకి ఎక్కించాను. మేష్ట్రును ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.

“ఏందప్పా, మోటారు విప్పినట్ల విప్పేదా?”

“విప్పేది మూత ఒక్కటే మేష్ట్రూ. జంపర్ మార్చి చూస్తా. నచ్చకపోతే మళ్లీ యాడుండేది ఆడే పెడతా.”

“పెడతావు. అది ఒప్పుకోవల్ల గదా.”

ఆఖరికి ఆదివారాలు మాత్రమే ముట్టుకోవాలని, ప్రతి మార్పూ ఆయన ఎదుటే చెయ్యాలని, పుస్తకంలో లేని పని ఏదీ చెయ్యకూడదని షరతులు పెట్టి ఒప్పుకున్నారు. మూడూ మంచి షరతులే. నేను శిష్యుణ్ణి పెట్టుకున్నా ఇవే పెట్టేవాణ్ణి.

కొలవడానికి మాకు రెండు సాధనాలు. స్పీడు కొలవడానికి టైపింగక్క. ఆమె ప్రతిసారీ ఒకే అర్జీ కొడుతుంది. ఆమె చేతులు ఆపిన క్షణం నుంచి తెర మీద చివరి అక్షరం పడే దాకా మేష్ట్రు గడియారం చూసి సెకన్లు చెబుతారు. వేడి కొలవడానికి నా వేలు. మోటారు వేడిని మా పనివాళ్లు థర్మామీటరుతో చూడరు. మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టి అంకెలు లెక్కపెడతారు. పది దాకా ఆగగలిగితే మోటారు బతుకుతుంది. అయిదుకే లాగేసుకుంటే మళ్లీ విప్పాల్సిందే. ప్రాసెసర్ నెత్తిన వేడి లాగే అల్యూమినియం ముక్క ఉంటుంది. దాని అంచున వేలు పెట్టి లెక్కపెట్టాను. ఉన్న స్పీడులో పదకొండు. అక్షరాలు రావడానికి ముప్పై ఎనిమిది సెకన్లు. ఈ రెండు అంకెలూ మొదటి వరుసలో రాసుకున్నాను.

మొదట ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. వోల్టు జంపర్ మార్చాను. మా తాలూకాలో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ ఆ పని మొదట చెయ్యరు. మాకు బల్బు మసకబారినా, మోటారు మూలిగినా, ఫ్యాను రెక్కలు లెక్కకు దొరికినా కారణం ఒక్కటే, కరెంటు సన్నబడింది. నెమ్మదిగా ఉండేది ఏదైనా వోల్టుల్లేక నెమ్మదిగా ఉంటుందని మాకు ఒంట్లో ఇంకిపోయింది. పెట్టి చూస్తే అక్షరాలకు మళ్లీ అవే ముప్పై ఎనిమిది సెకన్లు. వేలు మాత్రం ఆరుకే లాగేశాను.

“వేడి పెరిగె, పని పెరగలేదు,” అన్నారు మేష్ట్రు. “మా బళ్లో అట్లాంటి వాళ్లు ఉండిరి.”

ఆ వారమంతా దాని గురించే ఆలోచించాను. ప్రాసెసర్‌కు వోల్టు తక్కువై నెమ్మదించలేదు. దానికి కావలసింది సరిగ్గా అందుతోంది. వోల్టు తడబడకుండా నిలబెట్టడానికి పనికొస్తుంది, పరుగెత్తించడానికి కాదు. ముందు అడుగు పెంచాలి. తడబడితేనే వోల్టు గురించి చూడాలి. ఇప్పుడు చిన్న మాటలాగా ఉంది. ఇరవై ఏళ్లు మోటార్లు చుట్టిన చేతికి ఆ మాట తలకెక్కడానికి ఒక వారం పట్టింది.

రెండో ఆదివారం వోల్టును పాత చోటికి తెచ్చి, అడుగులు రెండు నుంచి రెండున్నరకు పెంచాను. అరవయ్యారు రెండున్నరలు నూట అరవయ్యారు. మిషను లేచింది. లేచేటప్పుడు తెర మీద తన కొత్త స్పీడు తానే రాసుకుంది. అది చూసి మేష్ట్రు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. మొదటి అర్జీ ముప్పై నాలుగు సెకన్లకు వచ్చింది. మూడో అర్జీ మధ్యలో తెర బిగుసుకుపోయింది. మీట నొక్కినా, బతిమాలినా కదలలేదు.

మూత తీసి టార్చి వేసి చూశాను. అల్యూమినియం రెక్కల మధ్య సందుల్లో ఎర్రటి పొరలు కుక్కి ఉన్నాయి. వీధికి అవతల వేరుశనక్కాయలు ఒలిచే మిల్లుంది. గాలి మళ్లినప్పుడల్లా గింజల మీది ఎర్ర పొట్టు మేడ మీదికి వచ్చి పడేది. చిన్న ఫ్యాను దాన్ని లోపలికి పీల్చి దాచిపెట్టుకుంది.

“ఈ కాలంలో శనక్కాయలు ఇంట్లో కూడా లేవు,” అంది టైపింగక్క తొంగి చూసి. “దీని కడుపులో ఉండాయి.”

పొట్టంతా కుంచెతో తీశాను. ముక్కకూ చిప్పుకూ మధ్య రాసిన మందు ఎండి సున్నంలా రాలింది. రేడియోల్లో పెద్ద ట్రాన్సిస్టర్ల కింద రాసే తెల్ల పేస్టు నా దగ్గర ఉండేది. అదే పలచగా రాసి బిగించాను. బేరింగు గ్రీజు రాద్దామని ఒక నిమిషం అనిపించింది. వేడికి కరిగి పలక మీద కారుతుందని మానుకున్నాను. తర్వాత నూట అరవయ్యారులో పొద్దున పూట బాగానే నడిచేది. మధ్యాహ్నం రేకుల కప్పు కాగేసరికి రెండు రోజులకోసారి బిగుసుకునేది. వోల్టు ఒక పిసరు పెంచితే బిగుసుకోవడం ఆగింది, కానీ వేలు అయిదు దాటలేదు. ఆ లెక్కన చుట్టిన మోటారును నేనైతే రైతుకు ఇవ్వను.

ఇంకొక సంగతి నన్ను గెలికింది. స్పీడు నూటికి పాతిక పాళ్లు పెరిగితే సెకన్లు అంత తగ్గలేదేం? కిటికీలోంచి మిల్లును చూస్తుంటే జవాబు దొరికింది. ఒలిచే మిషను ఎంత జోరుగా తిరిగినా, కాయలు గంపలతో తెచ్చి పోసే ఆడవాళ్లు అదే నడక నడుస్తుంటే, మిషను సగం సేపు ఊరికే తిరుగుతుంది. ఇక్కడా అంతే. నేను ఒలిచేదాన్ని ఒక్కదాన్నే పరుగెత్తించాను. సామాను మోసే మెమరీ పాత తాళానికే నడుస్తోంది. తాళమే పెంచితే ఇద్దరూ కలిసి కదలాలి.

తరువాతి ఆదివారం అడుగులను మళ్లీ రెండుకు తెచ్చి, తాళాన్ని డెబ్బై అయిదు చేశాను. వోల్టును కంపెనీ పెట్టిన చోటికే దించాను. నూట యాభై. అక్షరాలు ముప్పై మూడు సెకన్లకు వచ్చాయి. వేలు తొమ్మిది దాకా ఆగింది.

మేష్ట్రు నోట్‌బుక్కు లాక్కొని చూశారు. “నూట అరవయ్యారుకు ముప్పై నాలుగు. నూట యాభైకి ముప్పై మూడు. చిన్నది పెద్దదాన్ని యాడన్నా దాటుతుందాప్పా? ఏ లెక్క ఇది? తప్పుగా రాసుకున్నావు.”

“గడియారం మీ చేతిలోనే ఉండె మేష్ట్రూ.”

మళ్లీ కొలిచాము. మళ్లీ ముప్పై మూడు. నేను మిల్లును చూపించి గంపల సంగతి చెప్పాను. ఆయన విన్నారు గానీ ఒప్పుకోలేదు. లెక్క కాగితం మీద రుజువు కావాలి, మిల్లు మీద కాదు అన్నారు.

ఆశ ఊరుకోదు కదా. తాళం డెబ్బై అయిదు, అడుగులు రెండున్నర, రెండూ కలిపి పెట్టి చూశాను. తెర నల్లగా ఉండిపోయింది. చిన్న కూత కూడా లేదు. జంపర్‌ను వెనక్కి పెట్టగానే మిషను ఏమీ జరగనట్టు లేచింది. దాని ఓర్పు చూసి నాకు ముచ్చటేసింది. కాలిన మోటారు అట్లా క్షమించదు.

డెబ్బై అయిదు తాళంలో ఒక భయం మాత్రం ఉంది. ఆ తాళానికి మెమరీ ఒక్కటే కాదు, రాసినవి దాచుకునే డిస్కు దారి కూడా వేగంగా నడవాలి. దానికి చేతకాకపోతే అర్జీల్లో అక్షరాలు మారిపోవచ్చు. ఒక సర్వే నంబరు మారితే ఒక రైతు కొంప మునుగుతుంది. అందుకని పది రోజులు, అర్జీలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించి, పొద్దున్నే టైపింగక్క చేత అచ్చు తీయించి, పాత అచ్చు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాము. ఒక్క ఒత్తు కూడా జారలేదు. అప్పుడు ఒప్పుకున్నాను, ఇదే మంచి దారి అని. ఎక్కువ స్పీడు వచ్చే దారి కాదు. ఆ రేకుల కప్పు కింద, ఆ పొట్టులో, అర్జీ చెడకుండా సాయంత్రం దాకా నిలిచే దారి.

మూత లోపల ఒక కాగితం అతికించాను. “తాళం 75. అడుగులు 2. వోల్టు మార్చలేదు. పదిహేను రోజులకొకసారి పొట్టు తీయాలి.” కింద సంతకం చేశాను. మోటారు చుట్టినప్పుడు లోపల గేజు రాసి సంతకం చెయ్యడం నా అలవాటు. పారిపోయేవాడు సంతకం చెయ్యడు.

ఆర్నెల్లు నడిచింది. తువ్వాళ్ల వరుస త్వరగా మెట్లు దిగేది.

ఆ పొద్దు మధ్యాహ్నం రెండు గంటలకు నేను షాపులోనే ఉన్నాను. రెండు గంటలకు పొలాలకిచ్చే త్రీఫేజు తీసేస్తారు. మోటార్లన్నీ ఒక్కసారి ఆగుతాయి, ఊళ్లో బల్బులు తెల్లగా వెలుగుతాయి. నా షాపు బల్బు అట్లా వెలిగింది. కాసేపటికే మండీ వీధి నుంచి పిలుపొచ్చింది.

మేడ ఎక్కేసరికి పొగ వాసన. పెట్టె వెనక వైపు, కరెంటు మార్చిచ్చే డబ్బా ఉండేచోట, జాలీ నల్లబడింది. టపాకాయ పేలినట్టు పేలిందని మెట్ల మీది రైతులు చెప్పారు. నేను పెట్టెను చూడక ముందే బూస్టర్‌ను చూశాను. అలవాటు. నాబు ఏడులో ఉంది. నేను చూడటం మేష్ట్రు చూశారు. ముందుకొచ్చి నాబును సున్నాకు తిప్పి, స్విచ్చి ఆపారు.

తరువాత, అంత మంది ముందు, పాఠం చెప్పే గొంతుతో అన్నారు: “స్పీడు పెంచితివి గదప్పా. దాని తాకత్తు ఎంతో అంతలోనే ఉంచవలసి ఉండె.”

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు సగం తాలూకా ఉన్నారు. నాబు సంగతి ఆ మెట్ల మీద ఎత్తితే పెద్దాయనను బజారులో నిలబెట్టినట్టే. రేపు ఒంటరిగా అడుగుదామని దిగి వచ్చేశాను. ఆ రేపటికే పెట్టె బెంగళూరు బస్సెక్కింది.

తరువాత జరిగింది మొదట్లోనే చెప్పాను. తిరుమణి నుంచి పదేళ్లుగా నా దగ్గరికే వచ్చే రైతొకాయన, అప్పటికే దించిన మోటారును మళ్లీ ట్రాక్టరు మీద ఎక్కించాడు.

“ఏం మామా, ఎక్కిస్తాండావు?”

“హిందూపురంలో చుట్టిస్తాలేప్పా. నువ్వు స్పీడు పెట్టి కాలుస్తావంట గదా.”

పదేళ్లుగా ‘మన లైను లెక్క పెట్టు’ అని అడిగిన నోరే అది. అట్లా ఆ ఏడు ట్రాక్టర్లు సగానికి తగ్గాయి. పని తగ్గినందుకు కాదు, నా సంతకం ఉన్న సామాను చూసి మనుషులు వెనక్కి జరగడం తట్టుకోలేకపోయాను.

ఒకవేళ నాదే తప్పేమో అని కూడా చూసుకున్నాను, అది రాయకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. బెంగళూరు పాత సామాను సంతలో అట్లాంటి కరెంటు డబ్బానే ఒకటి కొని తెచ్చాను. ప్రాసెసర్ లేదు, పలక లేదు, ఉత్త డబ్బా. షాపు వెనక గోడ చాటున పెట్టి, నా బూస్టర్ నాబును ఏడులో ఉంచి, మధ్యాహ్నం రెండు కొట్టేదాకా కాచుకున్నాను. త్రీఫేజు పోయింది. రెండు వందల ముప్పై దగ్గర ఉండాల్సిన ముల్లు మూడు వందల ముప్పైకి ఎగిరింది. నాలుగు గుటకలు మింగేంత సేపు. టపాకాయ. పక్క హోటలువాళ్లు పరుగెత్తుకొచ్చారు. అదే వాసన, జాలీ మీద అదే నలుపు. స్పీడు లెక్కంతా ఆ డబ్బా దాటిన తరువాత మొదలవుతుంది. స్పీడు ఎక్కువై ప్రాసెసర్ చస్తే శబ్దం రాదు, తెర నల్లబడుతుంది, అంతే.

టైపింగక్కను అడిగాను.

“నేను టీ తాగేదానికి దిగింటినన్నా. చూడలేదు.”

“నాబు ఎవరు తిప్పింటారమ్మా?”

ఆమె నవ్వకుండా అంది: “మేష్ట్రు తప్ప ఎవరు తిప్పుతారన్నా? గోడ మీద రాసిపెట్టిండారు గదా.”

ఆ మరుసటేడు మేష్ట్రు ఇన్‌స్టిట్యూట్ మూసి తుమకూరుకు మకాం మార్చారు. నేను అడ్రసు కనుక్కొని కార్డు రాశాను. నిందా లేదు, నిష్ఠూరం లేదు. “గౌరవనీయులైన మేష్ట్రుగారికి నమస్కారం. ఆ రోజు రెండు గంటలకు బూస్టర్ నాబు ఎన్నో నంబరులో ఉండింది?” అంతే. జవాబు లేదు. మరుసటి ఏడు అదే ప్రశ్న. దాని తరువాతి ఏడు జవాబు కార్డు కూడా జతచేసి, నా అడ్రసు నేనే రాసి పంపాను. నాలుగో ఏడు కూడా రాశాను. ఇంట్లోవాళ్లు నాకు పిచ్చి అన్నారు. నాకు కావలసింది క్షమాపణ కాదు. ఒక్క అంకె.

నాలుగో కార్డు వేసిన నెలకు, మూడో ఏడు నేను జతచేసిన జవాబు కార్డే నా చేతికి వచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నారన్నమాట. అదే గుండ్రటి చేతిరాత:

“నీ కార్డులు నాలుగూ చేరినవి. నాబు ఏడులో ఉండింది. తిప్పినది నేను. కరెంటు సన్నబడి తెర ముడుచుకొంటే ఏడు వరకు తిప్పి, తాలూకాఫీసు మనిషి వస్తే మాటల్లో పడి దించడం మరిచితిని. అంత మంది ముందు నా నోట ఆ మాట వచ్చె, వెనక్కి తీసుకొనలేకపోతిని. ఈ కార్డును నీవు ఎవరికి చూపించినా సరే. బెంగళూరు వాళ్లు పాత ప్రాసెసర్ వాపసు ఇచ్చిరి, బీరువాలో దాచితిని. ఈ నెల ఇక్కడ తెలిసినవాళ్ల పాత పలకలో పెట్టి, నీ కాగితంలో ఉండే లెక్కే పెట్టించితిని. నూట యాభైలో నడుస్తా ఉండాది. అయితే ఒకటి నాకు ఇప్పటికీ తెలియలేదు. నూట యాభై నూట అరవయ్యారును ఎట్ల దాటె? మిల్లు సంగతి వద్దు. కాగితం మీద లెక్క చేసి పంపు.”